పాత నేతచీరలతో బొంత కుట్టుకునే విధానం

రెండు పాత నేతచీరలు ఉంటే ఒక మనిషి కప్పుకోవడానికి సరిపడే బొంత తయారవుతుంది. చీర పొడవు సుమారు 12 మూరలు, అంటే 18 అడుగులు. దానిని మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కొక్కటి 6 అడుగులు వస్తుంది కనుక, రెండు చీరలకు ఆరు ముక్కలు, అంటే ఆరు పొరలు చేతికి వస్తాయి. చేత్తో కుట్టే బొంతకు ఈ మందం చక్కగా సరిపోతుంది. మొదటిసారి కుట్టేవారు ఇంత పెద్దది మొదలుపెట్టడం కంటే, ఒకే చీరను మూడున్నర అడుగుల చొప్పున ఐదు చదరాలు చేసి, పసిపిల్లలకు పనికివచ్చే చిన్న బొంతతో చేయి అలవాటు చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

చీరల ఎంపికలో తొందర పనికిరాదు. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన అచ్చమైన నూలు చీరలే బొంతకు తగినవి. కొత్త చీరలో గంజి ఉంటుంది కనుక ఆరు పొరల్లోంచి సూది దిగడం కష్టమవుతుంది. చీర నూలుదో కాదో అనుమానంగా ఉంటే, అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పు అంటించి చూడాలి. నూలు పోగు కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ పోగు కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. రంగు దిగుతుందేమో తెలుసుకోవడానికి తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూడాలి. ముదురు ఎరుపు, నీలం చీరల విషయంలో ఈ పరీక్ష తప్పనిసరి. గంతకు తగ్గ బొంత అన్న సామెతను మనం మనుషుల జంటల మీదికి వాడుతుంటాం గాని, బట్టల జతకూ అది వర్తిస్తుంది: మందమైన చీర పక్కన పల్చని చీర పడితే, ఉతికిన ప్రతిసారీ ఒకటి సాగి, మరొకటి ముడుచుకుపోతుంది.

చీరలను ఉతికి ఆరబెట్టాక ఫాల్ కుట్లు విప్పి, దానిని పూర్తిగా తీసివేయాలి. తరువాత రెండు అంచులనూ వేరుచేయాలి. జరీ అంచు ఒంటికి గుచ్చుకుంటుంది కనుక అది బొంతకు పనికిరాదు, కాని రెండంగుళాల వెడల్పున్న నూలు అంచును మాత్రం చివర్లో పట్టీ వేయడానికి దాచుకోవాలి. ముక్కలు చేసేటప్పుడు కంటి అంచనాతో కత్తెర నడిపితే వంకర పోతుంది. కొలత పెట్టిన చోట ఒక పేక పోగును (అడ్డపోగును) మెల్లగా పూర్తిగా లాగివేస్తే బట్టలో సన్నని గీత పడుతుంది, ఆ గీత వెంబడి కత్తిరిస్తే ముక్క తిన్నగా వస్తుంది. కొంగు ఉన్న ముక్కను పై పొరకు ఉంచుకోవాలి, ఎందుకంటే చీరలో అందం దానిదే, అరుగుదల కూడా దానికి తక్కువే. కుచ్చిళ్లు పడే భాగం నేలకు రాసుకుని చివికి ఉంటుంది కనుక అది లోపలి పొరలకు వెళ్లాలి. దానిలో చిరుగులు ఉంటే వేరే గుడ్డతో అతుకు వేస్తే చాలు. అయితే అతుకులన్నీ ఒకే చోట ఒకదానిపై ఒకటి రాకుండా చూసుకోవాలి.

ఇక పరచడం. గది నేలను శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత అడుగు పొరను తిరగేసి పరిచి, నాలుగు మూలలా చెంబులు గాని బరువైన డబ్బాలు గాని పెట్టాలి. ప్రతి పొరనూ మధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో దువ్వినట్టు సర్దుతూ వెళ్లాలి. అరచేతికి తగిలే చిన్న మడత కంటికి కనిపించదు, కాబట్టి ఈ పనిలో కంటి కంటే చేతిని నమ్మడమే మంచిది. ఆరు పొరలూ పరిచాక, తరువాత తేలికగా విప్పడానికి వీలుగా వేరే రంగు దారంతో, బెత్తెడు పొడవున్న టాకాలు, అంటే తాత్కాలికపు కుట్లు, వేయాలి: మొదట నిలువుగా నడిమధ్యన, తరువాత అడ్డంగా, ఆపైన మధ్య నుంచి నాలుగు మూలలకు, చివరగా జానెడు ఎడంతో మిగిలిన ప్రాంతమంతా.

ఈ క్రమం ఎందుకో నేను నష్టపోయి తెలుసుకున్నాను. నా మొదటి బొంతకు టాకాలు పొదుపుగా వేసి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వెళితే, నడిమికి చేరేసరికి పై పొర గుట్టలా లేచి నిలబడింది. ఎనిమిది వరుసలు విప్పాల్సి వచ్చింది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ ప్రాంతంలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు కవందులనే తమ బొంతలను ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచుల చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. అయితే వారు గుడ్డముక్కలను కుట్టుకుంటూనే చేర్చుకుంటూ పోతారు కనుక అదనపు బట్టను అక్కడికక్కడే సర్దుకోగలుగుతారు. ముందే అన్ని పొరలూ పరిచి కుట్టే మనకు ఆ వెసులుబాటు లేదు.

కుట్టు చాలా మామూలుది, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ వేసే వరుస కుట్టు. సూది కొంచెం పొడవుగా, వంగనిదిగా ఉండాలి, బెజ్జంలో రెండు పేటల నూలు దారం సులువుగా దూరాలి. గోనెసంచులు కుట్టే దబ్బనం వాడితే బట్టలో రంధ్రాలు మిగిలిపోతాయి. దారానికి తేనెమైనం రాస్తే మెలికపడి ముళ్లు పడటం తగ్గుతుంది. ఒకసారికి రెండు మూరలకు మించి దారం తీసుకోకూడదు, పొడవైన దారం ప్రతి పోటుకూ రాసుకుని నడుమలోనే నలిగి తెగుతుంది.

కుడిచేత్తో సూది దించుతున్నప్పుడు ఎడమచేయి బొంత అడుగున ఉండాలి. ఆరో పొర దాటి సూదిమొన చూపుడువేలి కొనకు చురుక్కున తగిలితేనే కుట్టు అన్ని పొరలనూ పట్టిందని అర్థం. రెండు మూడు కుట్లను సూది మీదికి ఎక్కించి ఒకేసారి లాగవచ్చు గాని, లాగిన తరువాత బట్ట ముడుచుకుంటే దారాన్ని కొద్దిగా వదులు చేయాలి. కుట్లు చిన్నవిగా ఉండటం కన్నా ఒకే తీరుగా ఉండటం ముఖ్యం, అరంగుళం కుట్టు బొంతకు తప్పు కాదు. వరుసలు ఒకటిన్నర అంగుళాల ఎడంతో, మధ్య వరుస నుంచి మొదలై ముందు ఒక సగానికి, తరువాత రెండో సగానికి సాగాలి. ఒక వరుస ఎడమ నుంచి కుడికి వేస్తే తరువాతి వరుస కుడి నుంచి ఎడమకు వేయాలి, లేకపోతే బొంత ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. దారం ముడిని పై పొర కింద దాచి లాగితే అది బయటికి కనిపించదు.

అంచులు తీసిన తరువాత మూడున్నర అడుగుల వెడల్పు మిగులుతుంది కనుక ఇలా ఇరవై ఎనిమిది వరుసల వరకు పడతాయి. రెండు పేటలుగా 120 మీటర్లకు పైచిలుకు దారం ఖర్చవుతుంది. కొత్తవారికి వరుసకు అరగంట పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక రోజుకో వరుస చొప్పున కుట్టినా నెల తిరగకుండా పూర్తవుతుంది. అంతకంటే వేగంగా కుట్టాలని కూర్చుంటే వేళ్లు నొప్పి పుట్టి, మరుసటి వారం సూది ముట్టుకోబుద్ధి కాదు.

చుట్టూ పట్టీ వేయడానికి దాచిన అంచులే చాలు. ఒక చీర అంచులు రెండూ కలిపి 36 అడుగులు ఉంటాయి, బొంత చుట్టుకొలత 19 అడుగులు మాత్రమే. పట్టీని మొదట పైవైపు కుట్టి, అడుగుకు మడిచి, కనబడని చిన్న కుట్లతో పట్టించాలి. ఆ తరువాతే టాకాలు విప్పాలి.

మొదటి ఉతుకులో చన్నీళ్లు వాడి, పిండకుండా నీరు జారనిచ్చి, డాబా మీద పరిచి ఎండబెట్టాలి. తడిసిన బొంత చాలా బరువెక్కుతుంది. తీగ మీద ఒకే అంచు పట్టి వేలాడదీస్తే కుట్లు తెగుతాయి. కొన్నేళ్లకు పై పొర చివికినప్పుడు బొంతను పారేయనక్కరలేదు, దానిపై మరో చీర ముక్క పరిచి పాత వరుసల మధ్య కొత్త వరుసలు వేసుకోవచ్చు. అయితే ఎనిమిది పొరలకు చేరేసరికి సూది దిగడం కష్టమవుతుంది, అందుచేత ఆపైన కొత్త చీర వేసే ముందు అడుగున చివికిన పొరను కత్తిరించి తీసివేయాలి.