నైజీరియా డోనట్లు నూనెలో వేసేలోపే అణిగిపోతుంటే

జాజికాయ వేసి చేసే నైజీరియా డోనట్లు ఇంట్లో చేసినప్పుడల్లా పిండి బాగానే పొంగేది, తీరా పళ్లెంలోంచి ఎత్తేటప్పుడు వేళ్ల గుంటలు పడి చదునైపోయేవి. ఇప్పుడు ఒక్కో రింగునీ అరచేతంత బేకింగ్ పేపర్ ముక్క మీద పెడుతున్నా.

అరకిలో మైదా, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 80 గ్రాముల పంచదార, 60 గ్రాముల వెన్న, ఒక గుడ్డు, 220 మి.లీ. గోరువెచ్చని పాలు, అర చెంచా జాజికాయ పొడి, కాస్త ఉప్పు కలిపి పది నిమిషాలు బాగా పిసికి, గంట పొంగనిచ్చి, రింగులు కోసి కాగితాల మీద ఇంకో అరగంట ఉంచి, కాగితంతో సహా నూనెలోకి జార్చేయడమే. కొన్ని సెకన్లలో అది ఊడొస్తుంది, పట్టకారుతో తీసేయండి. మంట మధ్యస్థంగా చాలు, లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

మైనం పూత కాగితం మాత్రం వద్దు, ఆ మైనం నూనెలో కరిగిపోతుంది. అరగంట అనుకుని గంటన్నర వదిలేస్తే (నేను వదిలేశాను) ఏ కాగితమూ కాపాడదు.