సమర్కంద్‌లో ఎండను బట్టి తిరగండి

ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కంద్‌కు వెళ్తే, మూడు పాత మదర్సాల మధ్య ఉన్న రెగిస్తాన్ చౌక్‌ను ఒక్కసారి చూసి వచ్చేయకండి. పడమటి వైపున్న ఉలుగ్ బేగ్ మదర్సా (1417-20) తూర్పుకు తిరిగి ఉంటుంది కాబట్టి దాని నీలి పలకల మీద పొద్దుటెండ నేరుగా పడుతుంది. ఎదురుగా ఉన్న షేర్ దోర్ మదర్సా అప్పుడు నీడలో ఉంటుంది. దాని ద్వారం పైన జింకను తరిమే పులి, ఆ పులి వీపు మీద మనిషి ముఖంతో సూర్యుడు ఉంటాయి. అవి బాగా కనబడాలంటే సాయంత్రం రావాలి. టికెట్ కొనేటప్పుడే, అదే రోజు మళ్లీ లోపలికి రానిస్తారా అని అడగండి.

ఆ రెంటి మధ్యలో ఉన్న తిల్లా కారీ మదర్సాకు ఎక్కువ సమయం ఇవ్వండి. దాని లోపలి మసీదులో తలెత్తి చూస్తే లోతైన గుమ్మటంలా ఉంటుంది, నిజానికి ఆ కప్పు బల్లపరుపే. మధ్యకు పోయేకొద్దీ సన్నబడే బంగారు పూతీగలు ఆ భ్రమ కలిగిస్తాయి. ఫ్లాష్ వేస్తే అదంతా పోతుంది, వేయకండి.

అక్కణ్ణుంచి బీబీ ఖానమ్ మసీదుకు నడకే. పక్కనే సియాబ్ బజార్, గుండ్రటి రొట్టె కొనుక్కోండి.

పాత సమాధి మందిరాలు బారులు తీరిన షాహి జిందాకు మాత్రం ఇంకో రోజు పొద్దున్నే వెళ్లండి. వాటి మధ్య సందు ఇరుకు, గుంపులొస్తే కదలలేం. ఇప్పటికీ జనం ప్రార్థనకు వచ్చే చోటది. భుజాలు, మోకాళ్లు కప్పుకోండి, ఆడవాళ్లు చున్నీ దగ్గర ఉంచుకోండి.