చలి ముదరకముందే: పాత ఎంజీబీ హీటర్ ఫ్యాన్ విప్పేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు దాటిందంటే ఇంగ్లండ్‌లో పొద్దున్నే కారు అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టేస్తుంది. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో హీటర్ ఫ్యాన్ తిరగకపోతే ఆ ఆవిరి ఓ పట్టాన పోదు. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ. అలా నడిపి నేను ఒక సాయంత్రం సైకిల్ మీద వెళ్తున్న అబ్బాయిని చివరి క్షణంలో చూశాను. అతనికేమీ కాలేదు, నా గుండె దడ మాత్రం ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు. అద్దాలు శుభ్రంగా కనిపిస్తేనే బండి కదపాలని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 229వ నియమం. పైగా 40 ఏళ్లు దాటిన కార్లలో చాలావాటికి ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. కాబట్టి చూసుకోవాల్సింది మనమే.

పని పెద్దదేం కాదు. హీటర్ పెట్టె బానెట్ కింద, ఇంజనుకూ డాష్‌బోర్డుకూ మధ్యనున్న రేకు గోడ దగ్గర ఉంటుంది. మోటారు దాని ముందువైపు మూడు స్క్రూలతో బిగించి ఉంటుంది. మన అంబాసిడర్ పెట్రోలు ఇంజనూ దీని ఇంజనూ ఒకే కుటుంబం, పాత బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ చేసిన బీ-సిరీస్: అది 1489 సీసీ, ఇది 1798 సీసీ. అందుకే బానెట్ ఎత్తగానే మన ఊరి మెకానిక్ షెడ్డు గుర్తొచ్చి ధైర్యం వచ్చేస్తుంది. ఆ ధైర్యాన్ని బ్యాటరీ దగ్గర మాత్రం పక్కన పెట్టండి.

"ముందు నెగటివ్ వైరు తీయాలి" అని అందరూ చెబుతారు. 1967 దాకా వచ్చిన ఎంజీబీలకు పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి కలిపింది పాజిటివ్ వైరు. ఆ కారులో నెగటివ్ మీద స్పానర్ పెట్టినప్పుడు దాని రెండో కొస బాడీకి తగిలితే నేరుగా షార్ట్. కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఒకటే: బాడీకి వెళ్లే వైరు ఏదో కళ్లతో చూసి, ముందు దాన్నే తీయాలి, బిగించేటప్పుడు చివర్లో బిగించాలి. బ్యాటరీ బానెట్ కింద ఉండదు, సీట్ల వెనక మూత కింద ఉంటుంది. 1974 దాకా చాలా కార్లలో ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు ఉండేవి. చోటు ఇరుకు, స్పానర్ ఇట్టే తగులుతుంది. ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టి రండి. షార్ట్ అయిన ఉంగరం వేలిని క్షణంలో కాల్చేస్తుంది.

ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. మోటారు ఒక్కటే తీస్తే నీళ్లు దింపక్కర్లేదు. పెట్టె మొత్తం తీయాల్సి వస్తేనే హోసులు విప్పాలి. అంటుకుపోయిన హోసును బలంగా లాగితే హీటర్ గొట్టం వంగిపోతుంది. హోసును నిలువునా కోసి తీసి, కొత్తది వేయడం మేలు. ఇంజను నీళ్లు గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్ కారితే వెంటనే తుడిచేయండి. కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం లోపలికి వెళ్లినా ప్రాణం మీదికొస్తుంది.

మోటారు బయటికి లాగగానే దశాబ్దాల దుమ్ము, ఎండుటాకులు, ఎలుకల పెంటికలు రాలతాయి. కంప్రెసర్‌తో ఊదొద్దు. మాస్కు కట్టుకుని, తడి గుడ్డతో ఎత్తండి. పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమైన ఆస్బెస్టాస్‌ను బ్రిటన్‌లో పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకుముందు బ్రేకు లైనింగుల్లో, గ్యాస్కెట్లలో అది ఉండేది. ఏమిటో తెలియని పాత పట్టీలను పొడిగా గీకొద్దు.

మోటారు చెడిపోయిందని తేల్చేముందు వైరు చూడండి. ఈ కార్ల విద్యుత్ భాగాలు చేసిన లూకాస్ కంపెనీ రంగుల ప్రకారం ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది హీటర్ మోటారు వైరు. అక్కడ వోల్టేజీ సరిగా రాకపోతే తప్పు స్విచ్‌దో, తుప్పు పట్టిన కనెక్టర్‌దో. వోల్టేజీ వచ్చి, నల్ల ఎర్త్ వైరూ బాగుండి తిరగకపోతే మోటారే. తరచూ లోపల ఇరుసు తిరిగే బుష్‌లు ఎండి బిగుసుకుపోయి ఉంటాయి, నాలుగు చుక్కల పల్చటి మెషిన్ ఆయిల్‌తో కదులుతాయి. బల్ల మీద పరీక్షించేటప్పుడు మోటారును బల్లకు బిగించే పట్టు, అంటే వైస్‌లో బిగించి, మధ్యలో ఫ్యూజు పెట్టి మాత్రమే కరెంటివ్వండి. ఊరికే పెట్టి ఇస్తే ఎగిరి పడుతుంది.

నాకు బాగా టెన్షన్ తెచ్చిపెట్టేది ఫ్యూజే. బిగుసుకుపోయిన మోటారు కరెంటు ఎక్కువ లాగి ఫ్యూజు ఎగరగొడుతుంది. విసుగెత్తి పెద్దది వేస్తారు. నా కారు కొన్నప్పుడు ఫ్యూజు చుట్టూ వెండి కాగితం చుట్టి ఉంది, దాని వెనక వైరు తొడుగు కరిగి గోధుమరంగులోకి వచ్చేసింది. పాత లూకాస్ ఫ్యూజు మీద రాసిన 35 అది ఎగిరిపోయే అంకె, నిరంతరం మోసేది 17 ఆంపియర్లే. ఇప్పుడు దొరికే కొన్ని గాజు ఫ్యూజులు 35 నిరంతరం మోస్తాయి. అలాంటిది వేస్తే అది ఎగిరేలోపు వైరు కాలుతుంది. కొనేటప్పుడు "17 నిరంతరం, 35కి ఎగిరేది" అని అడిగి తీసుకోండి.

బిగించాక ఇంజను ఆపే ఉంచి, ఇగ్నిషన్ అవసరమైనంతసేపే ఇచ్చి ఫ్యాన్ తిప్పండి. గాలి నీరసంగా వస్తే తీగలు తారుమారై అది వెనక్కి తిరుగుతోందేమో చూడండి. పాజిటివ్ ఎర్త్ నుంచి నెగటివ్‌కు మార్చిన కార్లలో ఇది జరుగుతుంది. ఇంజను నడిపి వేడి చూడాలంటే కారును గ్యారేజీ బయటికి తోసుకురండి, చలేస్తుందని తలుపు వేసుకుని మాత్రం నడపొద్దు. హీటర్ పెట్టె చుట్టూ స్పాంజి సీలు చిరిగి ఉంటే బానెట్ కింది పొగ క్యాబిన్‌లోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. ఆ సీలు మార్చాకే ఇంటివాళ్లను ఎక్కించుకోండి.