కంచం దగ్గర గొడవ ఆగాలంటే

హిందూపురం నుంచి నాన్నను బెంగళూరు తెచ్చి, కె.ఆర్.పురంలో మా ఇంట్లోనే పెట్టుకుని వైద్యం చేయిస్తున్నాం. జీర్ణాశయ క్యాన్సర్. 68 కిలోల మనిషి మూడు నెలల్లో 60కి దిగాడు. మూడు పూటలా యుద్ధమే. "ఒక్క ముద్దండీ" అని అమ్మ, "నన్నొదిలెయ్" అని నాన్న. అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

అది మొండితనం కాదని ముందు ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, ఆ మాట ఆయన చెవిన కూడా పడాలి. డాక్టర్లు దీన్ని క్యాకెక్సియా అంటారు. జబ్బుతో ఒంట్లో పుట్టే రసాయనాలు ఆకలిని చంపుతాయి, కండను కరిగిస్తాయి. కాబట్టి తిండి పెంచినంత మాత్రాన పోయిన బరువంతా తిరిగి రాదు. ఆరు నెలల్లో 5 శాతం మించి తగ్గితే డాక్టరుకు చెప్పాలి. నాన్న లెక్కలో అది మూడున్నర కిలోలు. మేం ఎనిమిది పోయాక చెప్పాం. నోటిపూత, మలబద్ధకం, వికారం ఉన్నా తిండి దిగదు. వాటికి మందులున్నాయి, అడగండి.

కంచం తీసేయండి. చిన్న గిన్నెలో నాలుగు చెంచాలు, రెండు గంటలకోసారి. పెట్టేసి పక్కకెళ్ళండి, నోటికేసి చూస్తూ కూర్చోవద్దు. పోపు వాసనకే నాన్నకు తిప్పేది, అందుకే ఏదైనా చల్లార్చే ఇస్తాం. సంగటి, ఊరిబిండి లేనిదే భోజనం కాని మనిషికి ఇప్పుడు పెరుగన్నం, ఉడికించిన గుడ్డు.

"నా చేతి వంట అంత చేదైందా" అని అమ్మ వంటింట్లో ఏడ్చేది. నోట్లో ఇనుము రుచి తగులుతోందని నాన్న నాతో చెప్పాడు, ఆమెతో కాదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆ మాట ఆయనతోనే చెప్పించాను. స్టీలు చెంచా మార్చి ప్లాస్టిక్‌ది పెట్టాం. అమ్మ ఇప్పుడు బతిమాలడం మానేసి, సాయంత్రాలు ఆయన చేతులకు కొబ్బరినూనె రాస్తోంది. ఆ పావుగంట ఇద్దరూ ఊరి కబుర్లే.

బరువు వారానికోసారి చూస్తే చాలు. మెషిన్ నేను అటక మీద పెట్టేశాను. ప్యాంట్లు రెండు కుట్టించి సైజు తగ్గించండి, జారే బెల్టు చూసుకుని ఆయన కుమిలిపోతాడు. చూడ్డానికొచ్చే చుట్టాలకు ఫోన్‌లోనే చెప్పండి, "అయ్యో, ఎంత చిక్కిపోయావ్" అనొద్దని. మా మేనత్త చెప్పినా వినలేదు, అది వేరే కథ.

మీ తిండి కూడా చూసుకోండి. ఆయన వదిలేసింది సింకు దగ్గర నిలబడి తిని, అదే భోజనం అనుకునేదాన్ని.

ఇక మింగడమే కష్టమైనా, నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా ఇవేవీ చూస్తూ కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చేయండి.