వలస పక్షులు దిగకముందే కోళ్ల గూడు సర్దుకోండి

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు ఊపందుకునేసరికి కొల్లేరులో, కోరింగలో వలస పక్షులు దిగిపోతాయి. కోసిన మళ్లలోకి బాతులవాళ్లు మందలు తోలుకొస్తారు. సంక్రాంతి దగ్గరపడేకొద్దీ పందెం పుంజులు ఊరు నుంచి ఊరికి చేతులు మారతాయి. చల్లటి నీళ్లలో వారాల తరబడి బతికే బర్డ్ ఫ్లూ వైరస్‌కి ఇంతకంటే ఏం కావాలి?

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లు కుప్పలుగా చచ్చాయి. శాంపిల్స్ భోపాల్ ల్యాబ్‌కి వెళ్తే హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపించారు, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టారు. అందరూ వలస పక్షుల్నే తిట్టారు. కానీ చెరువుగట్టున పడ్డ రెట్టను తొక్కి గూట్లోకి తెచ్చేది మన చెప్పులు. ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి మోసేది బండి టైర్లు, గుడ్ల అట్టలు.

కాబట్టి గూటి దగ్గర ఒక జత చెప్పులు విడిగా పెట్టండి, వాటితో బయట తిరగొద్దు. ఫారం గుమ్మంలో మందునీళ్ల తొట్టి ఉంటే రోజూ మార్చాలి. మా వైపు ఒక ఫారంలో తొట్టి ఉంది, నీళ్లు బురదతో నల్లగా ఉంటాయి, పైన ఎండుటాకులు తేలుతుంటాయి. అందులో కాలు ముంచినా ముంచకపోయినా ఒకటే, బురదలో మందు పనిచేయదు. గుడ్ల వ్యాపారి తెచ్చే పాత అట్టల్ని గేటు బయటే ఆపేయండి. కోళ్లకు చెరువు నీళ్లు, కాలువ నీళ్లు పెట్టకండి. దాణా మీద మూత, గూటికి వల ఉండాలి.

బాతుల విషయంలో మోసపోవద్దు. వైరస్ ఉన్నా అవి హాయిగా ఈదుతూ కనిపించొచ్చు. మంద మీ చేలో దిగితే ఆ నాలుగు రోజులూ నాటుకోళ్లను గంప కింద ఉంచండి.

పందేలు చట్టరీత్యా నేరం, అయినా జరుగుతాయని అందరికీ తెలుసు. బరి నుంచి వచ్చిన పుంజుని నేరుగా గూట్లో కలపకండి, కనీసం రెండు వారాలు విడిగా కట్టేయండి. నోట్లో నీళ్లు పోసుకుని దాని మొహం మీద ఊదే అలవాటు మానండి. ఆ తుంపర తిరిగి పడేది మీ కళ్లలో, మీ నోట్లోనే.

బర్డ్ ఫ్లూ గుర్తులు ఇవి: తురాయి, గడ్డం నీలిరంగుకు తిరగడం, తల వాయడం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, గుడ్లు ఒక్కసారిగా తగ్గడం, లేదా ఏ గుర్తూ లేకుండానే వరసగా చావడం. కొక్కెర తెగులూ ఇలాగే ఉంటుంది, కంటిచూపుతో తేల్చలేం. వెంటనే పశువైద్యుడికి చెప్పండి, లేదా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. దాచిపెట్టడం దండగ. పరిహారం ఇచ్చేది బతికున్న కోళ్లను చంపించినందుకే, అప్పటికే చచ్చినవాటికి రాదు.

చచ్చిన కోడిని కాలువలో వేయకండి. ఒకసారి మేమే ఆ తప్పు చేశాం. గోనెసంచిలో చుట్టి పడేస్తే తూము దగ్గర తట్టుకుని రెండ్రోజులు అక్కడే ఉంది, కుక్కలు లాక్కెళ్లాయి. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, మాస్కూ గ్లౌజులూ వేసుకోండి. ఒకటో రెండో అయితే బావికి దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఎక్కువ చస్తే మాత్రం శాంపిల్ తీసేదాకా ఆగండి.

తినడానికి భయం లేదు, బాగా ఉడికితే వైరస్ చస్తుంది. హాఫ్ బాయిల్ మాత్రం ఈ సీజన్‌కి వదిలేయండి, కోసేటప్పుడు పచ్చిమాంసం పిల్లల చేతికి అందనివ్వకండి. 2025 మార్చిలో పల్నాడుకు చెందిన రెండేళ్ల పాప ఈ జబ్బుతోనే పోయింది. కోళ్ల పని చేసిన వారంలో జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు వస్తే డాక్టర్ అడగకముందే కోళ్ల సంగతి చెప్పండి.