మార్క్స్‌బుర్గ్ కోటను సరిగ్గా చూడటం ఎలా?

జర్మనీలో రైన్ నది పక్కన, ద్రాక్షతోటల సీమలో, బ్రౌబాఖ్ అనే చిన్న ఊరి నెత్తిన ఉంటుంది మార్క్స్‌బుర్గ్. చాలాసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ గేటు దాకా వచ్చి టూరు దొరక్క తిరిగిపోయేవాళ్లో, లోపల మెట్ల మీద జారిపడేవాళ్లో కనిపిస్తారు. చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే ఈ రెండూ ముందే తప్పించుకోవచ్చు.

ముందు రైలు. దగ్గర్లోని నగరం కోబ్లెంజ్‌లో ఎక్కితే సుమారు పావుగంటలో బ్రౌబాఖ్. నదికి కుడి గట్టున పోయే బండే ఎక్కాలి. పొరపాటున ఎడమ గట్టు బండి ఎక్కారా, కోట అవతలి ఒడ్డున ఉండిపోతుంది. కోబ్లెంజ్ దాటాక మైంజ్ పరిసరాల దాకా రైన్ మీద వంతెన లేదు.

తర్వాత కొండ. కోట కింద కారు పార్కింగ్ ఉంది కానీ ఊళ్లోంచి నడిచే ఎక్కండి. అరగంట చాలు. పట్టున్న బూట్లు, ఒక నీళ్ల సీసా. అంతే.

లోపల మన ఇష్టానికి తిరగనివ్వరు, గైడుతోనే వెళ్లాలి. టూరు సుమారు 50 నిమిషాలు. ఇంగ్లీషు టూర్లు తక్కువ కాబట్టి ఆ రోజు వేళలు ముందే చూసుకోండి. పొద్దున మొదటి టూరుకే వెళ్లాలి. మధ్యాహ్నపు గుంపులో గైడు మాట సగం వినపడదు.

ఇక అసలు కష్టం: రైటర్‌ట్రెప్పె, అంటే రౌతుల మెట్లు. గుర్రాలు ఎక్కడానికి కొండరాతినే చెక్కిన దారి ఇది. ఏ రెండు మెట్లూ ఒక ఎత్తున ఉండవు. కొన్ని పక్కకి వాలి ఉంటాయి, కొన్ని అరిగి నున్నబడ్డాయి.

పైగా అక్కడి గోడ మీద ఈ కోటని ఏలిన వంశాల చిహ్నాలు వరసగా ఉంటాయి. అందరూ తల పైకెత్తి నడుస్తారు, పడేది అప్పుడే. చూడాలంటే ఆగి చూడండి, నడిచేటప్పుడు కళ్లు రాతి మీదే ఉండాలి. ఫోను సంచిలో పెట్టేయండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ముందువాళ్లకి నాలుగడుగుల దూరం వదలండి.

ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. గుంపు తోస్తున్నట్టనిపిస్తే పక్కకి జరిగి అందరినీ పోనివ్వండి. అడుగు పక్కవాటంగా వెయ్యండి, రెండో పాదం కుదురుకున్నాకే మూడో అడుగు. వాన పడితే ఆ రాయి సబ్బుపెట్టినట్టు జారుతుంది, ఆ రోజు మానుకుని మర్నాడు రండి. పిల్లల బండి అసలు తేవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బలవంతాన ఎక్కించకండి.

ఇంత శ్రమ ఈ కోటకే ఎందుకంటే, మధ్య రైన్‌లో, అంటే నది నడిమి భాగంలో, కొండమీది కోటల్లో ఎన్నడూ నేలమట్టం కానిది ఇదొక్కటే. దగ్గర్లోని స్టోల్జెన్‌ఫెల్స్‌ని 1689లో ఫ్రెంచి సేన కూల్చింది, ఇప్పుడు మనం చూసేది 19వ శతాబ్దంలో తిరిగి కట్టింది. అందంగానే ఉంటుంది, కానీ మధ్యయుగపు వంటగది ఎలా ఉండేదో తెలియాలంటే మార్క్స్‌బుర్గ్‌కే రావాలి. 1945లో ఫిరంగి దెబ్బలు తగిలినా నిలబడింది.

1283 నుంచి దీన్ని ఏలినవాళ్లు కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువులు. వైన్ చేసే రీస్లింగ్ ద్రాక్ష పేరు మొట్టమొదట కనిపించే 1435 నాటి లెక్కల కాగితం ఆ వంశానిదే. అందుకే కోటలోని వైన్ సెల్లార్ దగ్గర తొందరపడకండి.

వైన్ రుచి చూడటం మాత్రం దిగి ఊళ్లోకి వచ్చాకే. ఆ మెట్లు ముందున్నప్పుడు ఒక్క గుటక కూడా వద్దు. కింద రీస్లింగే అడగండి. తీపి వద్దనుకుంటే సీసా మీద ‘ట్రాకెన్’ అని ఉందో లేదో చూసుకోండి.