చిన్న రివాల్వర్ కొనేముందు కాల్చి చూడండి
టెక్సాస్‌లో ఉంటూ, బయటికి కనపడకుండా వెంట ఉంచుకోవడానికి చిన్న రివాల్వర్ చూస్తున్నవాళ్లకు ఒక మాట. షాపులో చేతికివ్వగానే అన్నిటికంటే తేలికైనదే నచ్చేస్తుంది. కానీ బరువు తగ్గేకొద్దీ, కాల్చినప్పుడు చేతిని వెనక్కి తన్నే కుదుపు పెరుగుతుంది. స్మిత్ అండ్ వెసన్ 340పీడీ 340 గ్రాములు కూడా ఉండదు. అందులో .357 మాగ్నమ్ అనే బలమైన తూటాలు వేసి కాలిస్తే రెండో తూటాకే అరచేయి మంటెత్తుతుంది. పైగా ఆ కుదుపుకి మిగతా తూటాల్లో సీసపు ముక్క ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా పట్టేయొచ్చు.

నా ఓటు అదే కంపెనీ 642కి, లేదంటే రూగర్ ఎల్‌సీఆర్ .38 తూటా మోడల్‌కి. రెండూ 400 గ్రాముల అటూఇటూ, ఐదేసి తూటాలు. హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లోపలే ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు బట్టకు తగులుకోదు. ట్రిగ్గర్ మాత్రం గట్టి, చాలా దూరం లాగాలి. అందుకే ముందు షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని ఒక పెట్టె, అంటే 50 తూటాలు, కాల్చి చూడండి. జేబులో పెట్టుకున్నా ట్రిగ్గర్‌ని కప్పే హోల్‌స్టర్ (తొడుగు) తప్పనిసరి. ఆ జేబులో తాళాలు, చిల్లర వేయకండి.

అన్నట్టు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోనివ్వదు.